ఫోన్ స్పీకర్‌కు అందని బేస్

ప్రశ్న: మా అబ్బాయి రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గంటన్నర పాటు ఆగకుండా సాగే డబ్‌స్టెప్ డీజే సెట్లు వింటున్నాడు. అందులో ఏముందో చూద్దామని నా ఫోన్‌లో పెట్టి విన్నాను. టిక్కుటిక్కుమనే చప్పుడు తప్ప పల్లవీ లేదు, చరణమూ లేదు. అసలు ఆ డీజే చేసే పని ఏమిటి? మా వీధి ఊరేగింపుల్లో మోగే డీజేకూ దీనికీ తేడా ఉందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీకు వినిపించింది ఆ సంగీతంలో పైపొర మాత్రమే. డబ్‌స్టెప్‌కు ప్రాణం దాదాపు 30 నుంచి 60 హెర్ట్జ్ మధ్య పలికే సబ్‌బేస్, అంటే అతి మంద్ర స్వరం. అంత కింది స్వరం వినిపించాలంటే చాలా గాలిని కదిలించగల పెద్ద స్పీకరో, చెవిని బిగువుగా మూసే హెడ్‌ఫోన్సో ఉండాలి; గోరంత ఫోన్ స్పీకర్‌కు అది సాధ్యం కాదు. మీ అబ్బాయి హెడ్‌ఫోన్సే అడిగి తీసుకుని మరోసారి వినండి.

ఈ బాణీ 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్ పరిసరాల్లో రూపుదిద్దుకుంది. యూకే గరాజ్ అనే నృత్య సంగీతం, జమైకా వలసదారులు వెంట తెచ్చుకున్న డబ్ (గొంతును తగ్గించి బేస్‌నూ డ్రమ్స్‌నూ ముందుకు తెచ్చే రెగే బాణీ), సౌండ్ సిస్టమ్ (పెద్ద స్పీకర్లు పెట్టి జనం కోసం పాటలు మోగించే) సంప్రదాయం దీనికి మూలాలు. వేగం నిమిషానికి సుమారు 140 దెబ్బలే అయినా, నాలుగింటిలో మూడో దెబ్బ మీదనే స్నేర్ డ్రమ్ చరుపు పడటం వల్ల చెవికి అందులో సగం వేగమే తెలుస్తుంది. ఆ మందగమనమే దానికి చీకటి రంగు పులుముతుంది.

ఇక డీజే పని. ఒక ట్రాక్ నడుస్తుండగానే అతను తర్వాతి ట్రాక్‌ను హెడ్‌ఫోన్స్‌లో విని, రెండింటి వేగాన్నీ కలుపుతాడు. రెండు బేస్‌లు ఒకేసారి మోగితే ఒకదాన్నొకటి చెరుపుకుని బురదబురదగా వినిపిస్తాయి కనుక, వెళ్లిపోయే ట్రాక్ బేస్ నాబ్‌ను తగ్గిస్తూ, సరిగ్గా అదే క్షణంలో వచ్చేదాని బేస్‌ను తెరుస్తాడు. మంచి డీజే ఆ తెరిచే క్షణాన్ని వీలైనంత వెనక్కి నెట్టి, శ్రోతల్ని బేస్ కోసం ఎదురుచూసేలా చేస్తాడు. నా దృష్టిలో అసలు విద్య అదే. ఆ ఘట్టం రక్తికడితే జనం ‘రీవైండ్’ అని అరుస్తారు, అతను ట్రాక్‌ను వెనక్కి తిప్పి మొదటినుంచి వేస్తాడు. పద్యనాటకంలో ‘వన్స్ మోర్’ విన్నవారికి ఇది వింతేమీ కాదు.

ఊరేగింపు డీజే అందరికీ తెలిసిన సినిమా పాటలకు దరువు జోడించి హోరెత్తిస్తాడు. పెద్ద బాక్సులు తప్ప ఆ రెండింటికీ పోలిక తక్కువ.

మీరు అడగకపోయినా ఒక మాట: బేస్ చాలలేదని వాల్యూమ్ పెంచడం ఇలాంటి శ్రోతలకు సులువుగా అలవాటవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు త్వరత్వరగా తగ్గిపోతాయి. మీరు గమనించవలసింది పాటల్ని కాదు, వాల్యూమ్‌ను.