ఆ తలుపున్న గది మీకూ కావాలి

ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ మీరు ఆఫీసు కాల్‌లో ఉండగానే అత్తగారు ‘ఇంట్లోనే ఉన్నావుగా’ అని కుక్కర్ ఆపమంటున్నారని, మీవారు మాత్రం గదిలో తలుపేసుకుని పని చేసుకుంటారని రాశారు. కూకట్‌పల్లిలో మాదీ చిన్న ఫ్లాటే అండీ. రెండేళ్లు మ్యూట్ నొక్కి, హెడ్‌సెట్ మెడలోనే వేలాడుతుండగా వంటింట్లోకి పరిగెత్తాను.

ముందు ఆ గదిని వంతులేసుకోండి. పొద్దున మీకు, మధ్యాహ్నం ఆయనకు. కాలింగ్ బెల్, నీళ్ల ట్యాంకర్, కుక్కర్ విజిల్ హాల్లో కూర్చున్నవాళ్లవే. అత్తగారికి ఈ సంగతి మీవారే చెప్పాలి, మీరు కాదు. కొడుకు చెబితే ఆవిడ వినే తీరు వేరు.

తప్పు మీదని మాత్రం అనుకోకండి. 2024 కేంద్ర ప్రభుత్వ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఆ లెక్క మీవారికి చూపించండి. మా ఆయన చూశాక రాత్రి గిన్నెలు ఆయనే తోముతున్నారు.