చివరి ఫ్రేమ్ మార్చమన్నారని రాశావు

తమ్ముడూ,

ఆశీస్సులు. నీ ఎనిమిది పేజీల బొమ్మల కథ రెండుసార్లు చదివాను. పత్రికవాళ్లు మూడు చోట్ల మార్చమన్నారని, రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదని రాశావు. మూడో పేజీలో సారా సీసా తీసెయ్యాలి. ఐదో పేజీ బెలూన్‌లో తిట్టు మార్చాలి. చివరి ఫ్రేమ్‌లో టీకొట్టు చూరుకు దళితుల కోసం వేరుగా వేలాడే ఆ రెండో గ్లాసు చెరిపెయ్యాలి. మూడూ ఒకటే అన్నట్టు టెన్షన్ పడుతున్నావు. ఒకటి కావు.

సీసా తీసెయ్. తిట్టూ మార్చెయ్. గ్లాసు మాత్రం వదలకు.

1954లో అమెరికాలో కామిక్స్ మీద పెద్ద గొడవ నడిచింది. పిల్లలు చెడిపోవడానికి ఈ బొమ్మల పుస్తకాలు కారణమని ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు పుస్తకం రాశాడు. సెనేట్ సబ్‌కమిటీ విచారణ పెట్టింది. ప్రభుత్వం చట్టం చేస్తుందేమోనని భయపడి ప్రచురణకర్తలే కామిక్స్ కోడ్ అని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పేరులో 'హారర్' అన్న మాట ఉండకూడదు, రక్త పిశాచాలు కనబడకూడదు, పోలీసుల మీద, జడ్జీల మీద గౌరవం పోయేలా ఏదీ చూపకూడదు. కవర్ మీద కోడ్ ముద్ర లేని పుస్తకాన్ని చాలామంది పంపిణీదారులు ముట్టుకునేవారే కాదు. చట్టం లేకుండానే గొంతు నొక్కడం అంటే అదీ.

ఈసీ కామిక్స్ ప్రచురణకర్త బిల్ గెయిన్స్ ఒక సంచికకు పంపిన కథను కోడ్ వాళ్లు తిప్పికొట్టారు. దాని బదులు 1953లో తాము వేసిన 'జడ్జిమెంట్ డే'ని మళ్లీ వేద్దామనుకున్నాడు. రాసింది ఆల్ ఫెల్డ్‌స్టీన్, బొమ్మలు జో ఒర్లాండో. భూమి నుంచి ఒక ప్రతినిధి రోబోల గ్రహానికి వెళ్తాడు. అక్కడ నారింజ రంగు రోబోలు దొరలు, నీలం రోబోలు ఊరి చివర, బస్సులో వెనక. లోపలి యంత్రం మాత్రం రెండింటికీ ఒకటే. మీరింకా మాతో కలిసే స్థితికి రాలేదని చెప్పి అతను వెనుదిరుగుతాడు. కథంతా హెల్మెట్‌లోనే ఉంటాడు. చివరి ఫ్రేమ్‌లో హెల్మెట్ తీస్తే, అతను నల్లవాడు. నుదుటి మీద చెమట చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి.

కోడ్ అధికారి చార్లెస్ మర్ఫీ ఆ మనిషి నల్లవాడు కాకూడదన్నాడు. ఏ జాతినీ కించపరచకూడదని అదే కోడ్‌లో రాసి ఉంది, చూడు! గెయిన్స్ ఒప్పుకోలేదు. కోర్టుకెక్కుతాను, పేపర్లకు చెబుతాను అన్నాడు. కథ ఉన్నదున్నట్టే 1956 మొదటి సంచికలో వచ్చింది. అదే ఈసీ వేసిన ఆఖరి కామిక్ పుస్తకం. ఆయన చేతిలో 'మ్యాడ్' అనే హాస్య కామిక్ మిగిలింది. దాన్ని 1955లోనే మ్యాగజైన్‌గా మార్చడంతో అది కోడ్ పరిధిలోకి రాలేదు. పదిహేనేళ్ల తర్వాత, 1971లో, మాదకద్రవ్యాల ప్రమాదం చూపించే స్పైడర్‌మ్యాన్ కథను మార్వెల్ కామిక్స్‌కు చెందిన స్టాన్ లీ మూడు సంచికలు ముద్ర లేకుండానే వేశాడు. ఆ ఏడాదే మాదకద్రవ్యాలను చూపకూడదన్న కోడ్ నిబంధన సడలింది.

ఒర్లాండో గీసిన ఆ ముఖాన్ని మార్చి చూడు. రోబోల కథ అలాగే ఉంటుంది, కానీ చెప్పదలుచుకున్నది మాయమైపోతుంది. నీ గ్లాసూ అంతే.

నేను ఒకసారి వదిలేశాను. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రిక నా కథలో కానిస్టేబుల్ చేతిలో లాఠీ వద్దంది. సరేనని తెల్ల పోస్టర్ కలర్ పూసేశాను. అచ్చులో కానిస్టేబుల్ పిడికిలి ఖాళీగా గాలిలో ఉంది, ఎదురుగా రైతు కింద పడిపోతున్నాడు. ఆ మనిషి ఎందుకు పడిపోయాడండీ అని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. దానికి నేను జవాబు రాయలేకపోయాను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఎడిటర్‌గారితో ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని మాట్లాడు. ముందు నువ్వు ఒప్పుకునే రెండూ చెప్పు, తర్వాత ఒప్పుకోనిది చెప్పు. ఆయనకీ పైవాళ్లు ఉంటారు, కోపగించుకోకు. కాదంటే పేజీలు వెనక్కి తెచ్చుకో. డబ్బు ఇబ్బందిగా ఉంటే నాకు చెప్పు, మొహమాటపడకు.

ఇంకొకటి. ఆ చూరు కింద నీడ ఇంకాస్త ముదురు చెయ్. గ్లాసు ఇప్పుడు గోడలో కలిసిపోతోంది.

మీ అన్న