నోస్ఫెరాటులో పిశాచం పట్టపగలు ఎలా తిరుగుతుంది?

1922 నాటి జర్మన్ మూకీ ‘నోస్ఫెరాటు’లో, ఎండ తగిలితే చచ్చిపోవలసిన ఓర్లాక్ పట్టపగలు వీధిలో శవపేటిక మోసుకుపోతాడేమిటి, తీసినవాళ్లు చూసుకోలేదా అని అడిగారు. చూసుకున్నారు. మీకు దొరికిన ప్రతిలో రంగు పోయింది.

నేనూ అలాగే నవ్వుకున్నాను. కాలేజీ రోజుల్లో ఒక నాసిరకం డిస్కులో తమ్ముడితో కలిసి చూశాను. ఓర్లాక్ పెట్టె చంకన పెట్టుకుని వస్తుంటే గోడల మీద వెలుగు తెల్లగా పరుచుకుని ఉంది. “పాపం, ఒక గొడుగైనా ఇవ్వలేదు అన్నయ్యా” అన్నాడు వాడు. ఇక భయమెక్కడిది?

దర్శకుడు మూర్నావ్, ఛాయాగ్రాహకుడు ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్ 1921లో విస్మార్, ల్యూబెక్ వీధుల్లోనూ, ఇప్పటి స్లొవేకియాలోని ఒరావా కోటలోనూ చాలా దృశ్యాలు తీశారు. అప్పటి ఫిల్ముకు బోలెడంత వెలుతురు కావాలి. వీధి వీధంతా రాత్రిపూట దీపాలతో నింపడం ‘ప్రాణా ఫిల్మ్’ అనే చిన్న సంస్థకు (అవును, మన ప్రాణమే!) అయ్యే పని కాదు. అందుకే పగలు తీసి, థియేటర్లకు పంపే ప్రింట్లలో ఆ ముక్కలకు నీలం రంగు అద్దారు. నీలమంటే రాత్రి, పసుపంటే దీపపు వెలుగు, గులాబీ అంటే తెల్లవారుజాము. అప్పటి ప్రేక్షకులకు ఇది అలవాటైన సంకేతమే.

ఈ సినిమాకు అది మరీ ముఖ్యం. దీనికి మూలమైన బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాకులా’లో, ఓర్లాక్‌కు మాతృక అయిన డ్రాకులా పగలు కూడా తిరగగలడు. సూర్యకాంతికి చావడం ఈ సినిమావాళ్లు పెట్టిన మలుపు. రంగు తీసేస్తే కథకు ఆధారమే పోతుంది.

ఆ రంగు ఉండేది ప్రింటు మీదే, నెగటివులో (కెమెరాలో తీసిన అసలు ఫిల్ములో) కాదు. అనుమతి లేకుండా నవలను వాడుకున్నందుకు స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ దావా వేశారు; ప్రతులన్నీ ధ్వంసం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. విదేశాల్లో మిగిలినవాటి నుంచి నలుపు తెలుపు నకళ్లు తీస్తూ పోయేసరికి రాత్రి కాస్తా పగలైపోయింది.

చాలా ఏళ్లకు, 1922 నాటి రంగుల ఫ్రెంచి ప్రింటు ఆధారంగా పునరుద్ధరించిన ప్రతి చూశాను. అదే వీధి, అదే పెట్టె. నీలంలో ఆ గోడలు చల్లగా, నిర్మానుష్యంగా ఉన్నాయి. గొడుగు మాట గుర్తుకే రాలేదు.

ఈసారి రంగులున్న ప్రతి వెతుక్కోండి. మొదటి అరగంటలో తెర ఒక్కసారైనా నీలంగా మారకపోతే ఆపేయండి.