వారానికి మూడు రోజులే బడికి పంపమంటున్నారు

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. ఊళ్లోని ప్రభుత్వ పాఠశాలలో నాలుగో తరగతి. ఈ ఏడాది యూనిఫాం తీయగానే ఏడుపు మొదలవుతోంది. ఎలాగో తీసుకెళ్తే, ప్రార్థనలో మైకు మోగగానే చెవులు మూసుకుని గేటు వైపు పరుగెడుతున్నాడు. వారానికి మూడు రోజులు పంపితే చాలని, మిగతా రోజులకూ హాజరు వేస్తామని ప్రధానోపాధ్యాయులు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: ఒప్పుకోకండి. ఆయన మీ మీద జాలితోనే అని ఉండవచ్చు, కానీ రాని రోజుకు హాజరు పడితే బాబు ఇబ్బంది రిజిస్టరులో ఎక్కడా కనిపించదు, రేపు మీరు సహాయం అడిగితే చూపడానికి ఆధారమూ మిగలదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం పిల్లవాడి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయడం పాఠశాల బాధ్యత. ఇంటి వద్ద చదువుకునే వెసులుబాటును 2012లో విద్యాహక్కు చట్టానికి చేర్చిన మాట నిజమే కానీ, అది బహుళ వైకల్యం లేదా తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు కోరుకుంటే పొందే హక్కు. బడి తన వీలు కోసం వాడుకునే దారి కాదు.

కారణం మీ ఉత్తరంలోనే సగం ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి పెద్ద శబ్దాలు భరించరానివిగా ఉంటాయి కాబట్టి, కొన్నాళ్లు ప్రార్థన ముగిశాక నేరుగా తరగతికి తీసుకెళ్లేందుకు, మైకుకు దూరంగా గోడ పక్కన ఒకే చోట కూర్చోబెట్టేందుకు అనుమతి అడగండి. పాఠాలు, భోజనం, ఆటలు, ఇంటికి వెళ్లడం ఏ వరుసలో జరుగుతాయో బొమ్మలతో చూపే అట్ట ఒకటి బల్ల మీద ఉంటే, తర్వాత ఏం జరుగుతుందోనన్న బెదురు కొంత తగ్గుతుంది. మధ్యాహ్న భోజనం వరుసలోని రద్దీ, మరుగుదొడ్డి, తోటి పిల్లల ఎగతాళి కూడా విడిగా గమనించాలి, ఎందుకంటే మాటల్లో చెప్పలేని పిల్లవాడు ఏడుపుతోనే చెబుతాడు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి ఐఈఆర్పీని (ఇలాంటి పిల్లల చదువుకు సాయపడే ప్రత్యేక ఉపాధ్యాయులు) బడికి వచ్చి చూడమని కోరండి. ఉపాధ్యాయులకు చేయి అందించడం వారి పనిలో భాగమే. వైకల్య శాతాన్ని తెలిపే ప్రభుత్వ ధ్రువపత్రం (ఇదివరకు సదరం, ఇప్పుడు యూడీఐడీ కార్డు) ఇంకా తీసుకోకపోతే వెంటనే దరఖాస్తు చేయండి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి పాఠశాలలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కుగా దక్కుతుంది. తోడు వెళ్లేవారికిచ్చే ఎస్కార్ట్ అలవెన్సు, రవాణా భత్యం ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద ఉన్నాయి, అర్హత సంగతి ఐఈఆర్పీనే అడగండి. పై కోరికలన్నీ కాగితం మీద రాసి, ఒక ప్రతిని మండల విద్యాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.