అన్నం మానకు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ దీవెనలు.

హాస్టల్లో చేరాక ఆరు కిలోలు పెరిగావనీ, ఇక అన్నం ముట్టననీ మీ అమ్మతో అన్నావట. డ్రిల్లు టీచరుగా ఇలాంటి పంతాలు చాలా చూశాను. అన్నం సంగతి తర్వాత, ముందు పొద్దున టిఫిను తింటున్నావా?

తినవు. ఎనిమిదిన్నరకి లేచి క్లాసుకి పరుగు. మధ్యాహ్నం సాంబారు నీళ్లలా ఉందని రెండు ముద్దలతో లేచిపోతావు. సాయంత్రానికి కడుపు కాలి గేటు దగ్గర మిర్చి బజ్జీలు, రాత్రి పదకొండింటికి నలుగురూ కలిసి తెప్పించుకునే బిర్యానీ, పైన కూల్‌డ్రింకు. 250 మి.లీ. సీసాలోనే ఐదారు చెంచాల పంచదార! ఒళ్లు వస్తున్నది ఇక్కడ, మెస్సు అన్నంలో కాదు. పొద్దున కడుపునిండా తిన్న రోజు బిర్యానీ మీదకి మనసు అంతగా పోదు, చూడు.

మెస్సులో పప్పు వడ్డించుకునేటప్పుడు గరిటె అడుగుదాకా పెట్టు, సిగ్గుపడకు. గుడ్డిచ్చే రోజు వదలకు, ఒక్కదాన్లో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంది. మెస్సులో అది జరిగే పని కాదని నాకూ తెలుసు. బండి మీద జామకాయలు, కీరా కొనుక్కో. ప్రోటీను పొడులు వద్దని కూడా ఆ సంస్థే చెప్పింది. ఆ డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో లెక్కేసుకో.

జిమ్ముకి మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టకు. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడిస్తే చాలు, అంటే అయిదు రోజులు, రోజుకో అరగంట. ఫోను మాట్లాడుతూ నడిచేది లెక్కలోకి రాదు. రూములో గుంజీలు తియ్యి. బడిలో శిక్ష అనుకుంటారు గానీ తొడలకి అంత మంచి పని లేదు.

రోజూ బరువు చూసుకోకు. నీది 160 సెం.మీ. ఎత్తు కదా, 47 నుంచి 58 కిలోల మధ్య ఎక్కడున్నా గాభరా అక్కర్లేదు. నడుము చుట్టుకొలత 80 సెం.మీ. దాటకుండా చూసుకో. నెలసరి తప్పుతున్నా, తిండి మారకుండానే బరువు పెరుగుతున్నా మాత్రం డాక్టరుకి చూపించుకో. థైరాయిడ్ పరీక్ష రాస్తారేమో, చేయించుకో.

మీ అమ్మ సున్నుండలు పంపుతోంది. వద్దని అలగకు. పొద్దునపూట ఒకటి తిను, మిగతావి రూములో వాళ్లకి పంచెయ్.

మీ పెద్దమ్మ