విశాఖ షిప్‌యార్డు ప్రమాదంలో మరణించిన ముత్తాతగారి వివరాలు ఎలా తెలుసుకోవాలి?

మీ ముత్తాతగారు రెండో ప్రపంచ యుద్ధానికి ముందే షిప్‌యార్డులో ప్రమాదానికి గురై చనిపోయారని ఇంట్లో చెప్పుకుంటారని రాశారు కనుక, ముందు ఆ కాలాన్ని సరిచూసుకోండి. ఆ షిప్‌యార్డుకు, అంటే అప్పటి సింధియా నౌకాయాన కంపెనీ యార్డుకు, బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసింది 1941 జూన్ 21న. మరణం అంతకు ముందుదైతే అది హార్బరు పనుల్లో జరిగి ఉండవచ్చు, అప్పుడు పోర్టు కాగితాలు వెతకాలి.

మా నాయనమ్మ అన్నగారు 1950లలో ఆ యార్డులో ఖలాసీగా చేస్తూ పరంజా మీది నుంచి పడి చనిపోయారు. ఊరి మరణాల రిజిస్టరులో ఆయన పేరు లేదు. ఉండదు కూడా, ఎందుకంటే మరణాన్ని నమోదు చేసేది ప్రాణం పోయిన చోట. గాయపడ్డ మనిషిని విశాఖలోని కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు తీసుకువెళ్లారు కాబట్టి ఆ నమోదు విశాఖ మునిసిపాలిటీ పుస్తకంలో, ఇంటిపేరు లేకుండా, తండ్రి పేరు పక్కన కనిపించింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇచ్చే నకలులో మరణ కారణం చూపరు. అయినా తేదీ తెలిస్తే చాలు, పోలీసుల శవపంచనామా కోసం అడగవచ్చు, ఆంధ్రపత్రిక పాత సంచికలు తిరగేయవచ్చు.

వంశవృక్షం కట్టేవారికి అన్నిటికన్నా విలువైనది నష్టపరిహారం ఫైలే అని నా అభిప్రాయం. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం కింద మరణ పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతికివ్వకుండా, ఆ చట్టం కింద నియమితుడైన కమిషనరు వద్ద జమచేయాల్సి ఉండేది. ఆ సొమ్ము ఎవరికి ఎంత చెందాలో తేల్చేటప్పుడు ఆధారపడిన భార్య, మైనరు పిల్లలు, తల్లి వంటివారి వివరాలు ఫైలుకెక్కుతాయి. మా ఇంట్లో ఎవరికీ గుర్తులేని ఒక మేనత్త పేరు నాకు అక్కడే తెలిసింది. మీ ముత్తాతగారికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తించి ఉంటే మాత్రం ఆ సంస్థనే అడగాలి. కాంట్రాక్టరు కింద కూలీగా చేసి ఉంటే యార్డు మస్టరులో (హాజరు పట్టీలో) పేరు లేకపోయినా నిరాశపడకండి, ఎందుకంటే ఆ 1923 చట్టం కాంట్రాక్టరుకు పని అప్పగించిన అసలు యజమానిని కూడా పరిహారానికి బాధ్యుణ్ణి చేసింది.

1953 అక్టోబరుకు ముందు విశాఖ మద్రాసు రాష్ట్రంలో ఉండేది కనుక, అప్పటి ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను సంప్రదించాలి. ఒక కార్యాలయం నా దరఖాస్తును వ్యక్తిగత సమాచారమంటూ తిప్పిపంపింది. 20 ఏళ్లు దాటిన సంఘటనకు ఆ మినహాయింపు చెల్లదని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3)ను ఉటంకిస్తూ అప్పీలు చేశాక ఫైలు చూపించారు. మీరైతే మొదటి దరఖాస్తులోనే ఆ సెక్షన్‌తో పాటు మరణ తేదీ, ముత్తాతగారి తండ్రి పేరు రాయండి.