డాక్టరు ఫిట్ అన్నారు సరే, డ్యూటీకి ఎప్పుడు వెళ్లాలి?

క్యాన్సర్‌కి రేడియేషన్ అయి నెల దాటింది, డాక్టరు జాయిన్ అవ్వొచ్చు అన్నారు, ఆఫీసు నుంచి ఫోన్లు మీద ఫోన్లు, ఇంకా చాలా నెలలు మూడు వారాలకోసారి ఇంజక్షన్ ఉంది, ఇప్పుడే వెళ్లనా ఆగనా అని అడిగారు కదా. నాకు 44, మీకన్నా పెద్దదాన్నే, చెల్లెలికి చెప్పినట్టు చెప్తున్నా అనుకోండి. నేను ఒకసారి తొందరపడి జాయినై పంతొమ్మిది రోజులకే తిరిగొచ్చా, రెండోసారి వెళ్లింది నిలబడింది.

నాది జీడిమెట్ల వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్. 2022 ఫిబ్రవరిలో ఎడమ రొమ్ముకి ఆపరేషన్, చంకలో గడ్డలు కూడా తీశారు, తర్వాత మూడు వారాలకొకటి చొప్పున నాలుగు కీమోలు (ఎర్రగా ఉంటుంది చూడండి ఆ మందు), ఆ పైన వారం వారం పన్నెండు, ఆ పైన రేడియేషన్ 15 సిట్టింగులు, అక్టోబరులో అయిపోయింది. ట్రీట్‌మెంట్ అయిపోయింది అనగానే నేను కూడా బాగైపోయా అనేసుకున్నా, రెండూ ఒకటి కాదు అని నాకెవరూ చెప్పలేదు, రేడియేషన్ నీరసం సిట్టింగులు ఆగాక కూడా వారాల తరబడి ఉంటుందట, నాకైతే ఆపాకే ఎక్కువైంది. అసలు నన్ను డ్యూటీకి తరిమింది భయం. లైన్‌లో నా చోట ఇంకో అమ్మాయిని పెట్టారని విన్నా. నవంబరులో వెళ్లిపోయా.

మొదటి రెండు రోజులు ఎంత బాగుందో. ప్యాకింగ్ హాల్లో అందరికీ తలకి క్యాప్ ఉంటుంది కాబట్టి నా గుండు ఎవరికీ పట్టలేదు, క్యాంటీన్‌లోనే ఇబ్బంది, ఒకామె నా పక్కన కూర్చోవడం మానేసింది, అంటుకుంటుంది అనుకుందేమో పాపం. మూడో రోజు నుంచి మొదలైంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి కాళ్లు నావి కానట్టు ఉండేవి, కీమో తర్వాత వేళ్లలో మిగిలిన తిమ్మిరి వల్ల కార్టన్ చేతిలో ఉందో జారిందో చూస్తేగానీ తెలిసేది కాదు. ఒకరోజు రికార్డులో బ్యాచ్ నంబరు చివరి రెండంకెలు తారుమారు చేసి సంతకం కూడా పెట్టేశా. చెక్ చేసి రెండో సంతకం పెట్టే అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ బ్యాచ్ మొత్తానికి నా పేరు మీద ఎంక్వైరీ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వారమే లోడింగ్‌కి మనిషి రాలేదని రెండు షిప్పర్లు (కార్టన్లన్నీ సర్దే పెద్ద అట్టపెట్టెలు) నేనే ఎత్తా, ఒక్కొక్కటి పన్నెండు కిలోలు ఉంటుంది. సాయంత్రం ఎడమ చేతి గాజులు సబ్బు పెట్టినా రాలేదు, వాపు. అప్పటికే లోపల మొదలైందో ఎత్తడం వల్లే వచ్చిందో నాకు తెలీదు కానీ వాపు తగ్గడానికి చేతికి బిగుతుగా వేసుకునే స్లీవ్ తొడుక్కోవడం మాత్రం అప్పటి నుంచే.

అప్పుడు మా డాక్టరమ్మ అడిగిన ఒక్క మాట నాకు కళ్లు తెరిపించింది, నువ్వు రోజంతా అక్కడ ఏం పని చేస్తావ్ అని. అంతకుముందు ఆమెకి నేనెప్పుడూ చెప్పలేదు, కంపెనీలో జాబ్ అన్నానంతే, ఆమె కుర్చీలో కూర్చునే పని అనుకుని ఫిట్ రాసిచ్చింది. కాబట్టి మీరు వెళ్లేటప్పుడు ఎన్ని గంటలు నిలబడాలి, ఏం ఎత్తాలి, బస్సులో ఎంతసేపు, నైట్ ఉందా, అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి చెప్పండి. ఉట్టి ఫిట్ అని కాకుండా బరువులు ఎత్తకూడదు, మూడు నెలలు నైట్ షిఫ్ట్ వద్దు, లైట్ డ్యూటీ అని రాయించుకోండి. నోటితో బతిమాలితే సరే చూద్దాం అంటారు, కాగితం ఇస్తే ఫైల్లో పెడతారు, ఆ తేడా నేను కళ్లారా చూశా.

రెండోసారి వెళ్లేముందు ఇంట్లోనే రిహార్సల్ చేశా. నవ్వకండి. పొద్దున ఐదున్నరకి లేచి బాక్స్ కట్టుకుని, కంపెనీ బస్సు ఆగే చోటు దాకా నడిచి వెనక్కొచ్చి, నిలబడి చేసే పనులే పెట్టుకుని, మధ్యాహ్నం నడుం వాల్చకుండా సాయంత్రం దాకా, ఇట్లా వరుసగా ఆరు రోజులు. మా అత్తమ్మ దీనికి పిచ్చి ముదిరింది అంది. మొదటి రోజు ఎవరికైనా బాగానే ఉంటుంది, మీరు చూడాల్సింది మూడో రోజు సాయంత్రం. డిసెంబరులో నేను మూడో రోజే కూలబడ్డా, సంక్రాంతి అయ్యాక మళ్లీ చేస్తే ఆరు రోజులూ నిలబడ్డా, తిమ్మిరి కూడా సగానికి తగ్గింది, 2023 ఫిబ్రవరిలో జాయినయ్యా. జనరల్ షిఫ్టే అడిగా, కూర్చుని కార్టన్ల మీద ప్రింట్ చెక్ చేసే పని ఇచ్చారు, మొదటి నెల ప్రతి బుధవారం జీతం కోతయినా సరే సెలవు పెట్టా. వారం మధ్యలో ఆ ఒక్కరోజు లేకపోతే నేను మళ్లీ పడిపోయేదాన్నే.

ఇన్ని నెలలు ఎట్లా ఆగావు, డబ్బులెక్కడివి అంటే, నాకు ఈఎస్‌ఐ ఉంది. జీతం 21,000 లోపు వాళ్లకి ఉంటుంది కదా. మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం, అది అయిపోయాక క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బుల లిస్టు ఒకటుంది, అందులో ఉంటే రెండేళ్ల వరకు 80 శాతం వస్తుంది, కాకపోతే రెండేళ్ల సర్వీసు నిండి ఉండాలి. నా తప్పేంటంటే నవంబరులో తొందరపడి ఫైనల్ సర్టిఫికెట్ (ఇక డ్యూటీకి వెళ్లొచ్చు అని ఇచ్చేది) తీసేసుకున్నా, మళ్లీ డిస్పెన్సరీ చుట్టూ తిరిగి ఫస్ట్ సర్టిఫికెట్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మీకు ఈఎస్‌ఐ ఉంటే రిహార్సల్ అయ్యేదాకా ఆ ఫైనల్ తీసుకోకండి. లేకపోతే, ఇంట్లో అద్దె కట్టాలి అంటే నేను చెప్పినన్ని నెలలు ఆగమని అనలేను, అప్పుడు ఆ లైట్ డ్యూటీ కాగితం, వారం మధ్య సెలవు ఈ రెండూ అయినా అడగండి.

ఇంట్లోనే ఉండిపోవడం కూడా నాకు నచ్చలేదు, అదీ చెప్తా. వచ్చిన చుట్టం ప్రతి ఒక్కరూ ఎట్లా వచ్చింది అని మొదట్నుంచీ అడిగేవాళ్లు, అక్కడ నేను ఒట్టి పేషెంట్‌ని, కంపెనీలో అయితే లైన్ క్లియరెన్స్‌కి (కొత్త బ్యాచ్ మొదలెట్టే ముందు పాత బ్యాచ్‌వి ఏవీ మిగల్లేదని చూడటానికి) అక్కని పిలవండ్రా అంటారు.

మీ ఇంజక్షన్ల సంగతి, హెర్సెప్టినే (కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే మందు) అనుకుంటున్నా, నాకు అది పడలేదు కానీ మా కీమో వార్డులో పరిచయమైన ఒకామె బట్టల షాపులో పని చేస్తూనే వేయించుకుంది. కీమో లాంటి నీరసం ఉండేది కాదట, సెలవు కలిసొచ్చేట్టు శనివారం పెట్టించుకునేది. మూడు నెలలకోసారి గుండెకి ఎకో తీయిస్తారు, ఆ రోజులు కూడా ముందే లెక్కేసి ఆఫీసులో చెప్పి పెట్టండి. మీది కౌంటర్ పనా, తిరిగే పనా? అది చెప్తే ఇంకొంచెం రాస్తా.